నాలుగో మూల, అయిదో మూల

రోస్కోఫ్ తీరాన ఆటు మొదలయ్యాక
రాళ్ల సందుల్లో ఏరుకొచ్చిన సముద్రపు ముళ్లబంతులు
బకెట్లో ఊదారంగుగా మెదులుతున్నాయి.
అజెనోర్ ఒక్కోదానికీ
పొటాషియం నీళ్లు సూదితో ఎక్కించి
గ్లాసు మీద బోర్లిస్తుంది.
కాసేపటికి నారింజరంగు గుడ్లు
రవ్వలా అడుక్కి దిగుతాయి.

ఇరవై రెండేళ్లుగా ఇదే పని.
శాస్త్రవేత్తలు వస్తారు, పేపర్లు రాసుకుని వెళ్తారు.
చివరి పేజీలో ఈమెకు కృతజ్ఞతలు,
ఒక్కోసారి పేరు తప్పుగా.

గుడ్డు పొర గురించి తెలిసినంత
ఆమెకు తన ఇంటి గోడ గురించి తెలియదు.
పొర నిండా కొవ్వులే. వాటిలో
నూటికి ఒకటో, అంతకన్నా తక్కువో
ఒక వేరే రకం:
తోకలు నూనెలో, తల నీళ్లలో.
తలంటే ఆరు మూలల చక్కెర.
మూలల మీద ఫాస్ఫేటు బొట్లు పెట్టే చేతులు కొన్ని,
తుడిచే చేతులు కొన్ని.
మూడో మూలన బొట్టుంటే లోపలి సంచుల చిరునామా.
నాలుగో మూలనుంటే మూటలు కట్టే గది.
నాలుగునా అయిదునా రెండూ ఉంటే
ఇదే పొలిమేర, ఇక్కడే దిగు.
తలరాతే, అక్షరాలా.
కాకపోతే ఇది
నిమిషానికోసారి చెరిపి రాసేది.

చుక్క వీర్యం వదిలింది.
ఎక్కడో ఒకటి తాకింది.
పొర కింద కాచుకున్న కత్తెర కదిలింది.
తల తెగి నీళ్లలోకి ఈదుకుపోయింది.
తోకలు ఉన్నచోటే ఉండి ఇరుగుపొరుగుని లేపుతున్నాయి.
ఒక్కటి తెగితే రెండు కబుర్లు.
ఆ తల పోయి కాల్షియం కొట్ల తలుపులు తడుతుంటే
చీకటి గదిలో ఎవరో దీపం పట్టుకుని
గోడ వెంట నడిచినట్టు
ఈ అంచు నుంచి ఆ అంచుకి వెలుగు.
ఇరవై సెకన్లు, ఇంకాస్త.
మొదటి ఏడు ఊపిరి బిగబట్టి చూసేది.
ఇప్పుడు చూస్తూనే పెన్ను మూత వెతుక్కుంటుంది.

తమ్ముడు బ్రివాయెల్ ఉల్లిపాయలు జడలల్లుతాడు,
ఈ ఊరి గులాబీరంగు ఉల్లి.
పదిహేడో ఏట నాలుగు రాత్రులు నిద్ర మాని
సముద్రానికి ఉత్తరాలు రాశాడు.
అయిదో రాత్రి
ఇచ్చి రావడానికి వెళ్లాడు.
అప్పటినుంచీ లిథియం.
మూడు నెలలకోసారి రక్తపరీక్ష, ఆరని దాహం,
వేళ్ల చివర సన్నటి వణుకు.
అతని జడలు కాస్త వదులు.
కొనేవాళ్లు ఏమీ అనరు.

"నాలో ఏం చేస్తుందది?" అనడిగాడొకసారి.
చెప్పింది:
తెగిన తల తిరిగి ఇల్లు చేరాలి,
బొట్లు ఒక్కొక్కటే తుడిపించుకుని
వట్టి చక్కెరై మళ్లీ తోకలకి అతకాలి.
ఆఖరి బొట్టు తుడిచే చేతిని
లిథియం పట్టుకుని ఆపుతుంది.
అప్పుడు కొత్త తలలు తక్కువ, కబుర్లూ తక్కువ.
"అలాగని ఒక ఊహ. ఇంకా తేలలేదు."

అతను జడ ముడి బిగిస్తూ
"అంటే ఉత్తరాలు రాయడానికి
కాగితం దొరక్కుండా చేస్తుందన్నమాట," అన్నాడు.

లిథియం కలిపిన నీళ్లలో
ముళ్లబంతి పిండాల పేగు
లోపలికి ముడుచుకోవాల్సింది
బయటికి పొడుచుకొస్తుంది.
అది తన కళ్లతో చూసిందని
అతనికి చెప్పలేదు.

ఈ రాత్రి అందరూ వెళ్లాక
అరలోంచి ఇనాసిటాల్ సీసా దించి
నాలుక మీద కొంచెం వేసుకుంది.
చెయ్యకూడని పని.
తియ్యగానే ఉంది, మరీ తియ్యగా కాదు.

ముళ్లబంతుల్ని నీళ్లలో వదిలేసి
సైకిలెక్కింది.
హ్యాండిల్‌కి వేలాడే తమ్ముడి జడలోంచి
ఒక ఉల్లిపాయ జారి
రేవు వాలున దొర్లుకుంటూ పోయింది.
అజెనోర్ దిగి, ఫోను లైటు వేసి
దాని వెనకే నడుస్తోంది.